పెరటితోట: కాగితపు పూవునకు దోహదము



పల్నాటి ప్రాంతమునుండి యొక సోదరి యీ మాసమున నాకొక లేఖ వ్రాసినారు. వారి వీధిగుమ్మము ప్రక్కను కాగితపు పూలతీగ యొకటి కలదట. మూడేండ్ల క్రిందట వారి పెద్దమ్మాయి అత్తవారింటికి పోవుటకు ముందు తన చేతులతో నాటినదట. అమ్మాయి గుర్తుగా నున్నదని యాతల్లి దానిని కన్నబిడ్డవలె సాకుచున్నారు. ప్రతిదినము బియ్యము కడిగిన నీరు పోయుదురు. వారమున కొకమాఱు పేడనీరు, పక్షమున కొకమాఱు పొలమునకై తెచ్చిన యూరియానుండి ఒక గుప్పెడు. తీగ మేడమీది పిట్టగోడను దాటినది. ఆకులు దట్టముగా నున్నవి. ముండ్లు అంగుళము పొడవున్నవి. పూవు మాత్ర మొక్కటియు లేదు. "సంక్రాంతికి గోడలకు సున్నము వేయించునాటికి దీనిని మొదలంట కొట్టింతును" అని వారి యింటివారు నిశ్చయించిరట. ఇంకను ఏ యెరువు వేసినచో పూచునో వెంటనే తెలుపవలసినదని యామె కోరిక.

ఇట్టి లేఖ యిది మొదటిది కాదు. కాగితపు పూవును గుఱించి నాకు వచ్చు ప్రశ్నలలో సగమునకు పైగా "ఇంకను ఏమి వేయవలయును?" అనునవే. కావున నీ మాసపు పుటలను ఈ తీగకే కేటాయించుచున్నాను.

సమాధానము ముందే చెప్పుదును. అమ్మా, మీ తీగకు ఈ యేడు ఏ యెరువును వేయవలదు. దానికి తిండి కొఱత లేదు, తిండి మితిమీఱినది. కొట్టివేయవలసిన పనియు లేదు. ఒక్క శీతకాలము గడువిండని మీ వారిని వేడుకొనుడు.

కావ్యములు చదివిన సోదరీమణులకు దోహదమను మాట క్రొత్తది కాదు. అశోకము పడతి పాదము సోకినంతనే పూచుననియు, పొగడ మద్యపు పుక్కిలింతకు పూచుననియు కవిసమయము. చెట్టు పూయుటకై చేయు ఉపచారమునకే దోహదమని పేరు. ఆ కథలయందలి నిజానిజముల నటుంచి, అందొక తెలివి గలదు. ఒక చెట్టునకు నచ్చినది వేఱొక చెట్టునకు నచ్చదు. గులాబికి, మల్లెకు చేసిన ఉపచారమునే కాగితపు పూవునకును చేయుటవలననే మనకు చిక్కు వచ్చుచున్నది.

తీగ పుట్టుక

అమరకోశమున వనౌషధివర్గమంతయు వెదకినను ఈ తీగ పేరు కానరాదు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. 1767లో బూగెన్‌విల్ అను ఫ్రెంచి నావికుని ఓడలు భూప్రదక్షిణమునకై పోవుచు బ్రెజిలు దేశమందలి రియో డి జనీరో రేవున నాగినప్పుడు, ఆ యాత్రలోని వృక్షశాస్త్రజ్ఞుడు కొమ్మర్సన్ దీని కొమ్మలను సేకరించెను. నావికుని పేరే తీగకు వచ్చి బోగన్‌విల్లియా యయ్యెను. ఆ శాస్త్రజ్ఞునకు తోడుగా జాన్ బారే యను స్త్రీ పురుషవేషమున ఓడ నెక్కినది. నాడు ఫ్రెంచి యుద్ధనౌకలపై స్త్రీలకు ప్రవేశము లేదు. ఆమె మూలికల నెఱిగినది. బరువులు మోయుచు, కొండలెక్కుచు మొక్కలను సేకరించినది. భూమిని చుట్టివచ్చినట్లు తెలియవచ్చిన స్త్రీలలో ఆమెయే మొదటిది. 1785లో ఫ్రెంచి ప్రభుత్వమే ఆమె పనిని గుర్తించి భరణ మేర్పఱచినది. మన గుమ్మముమీది తీగ వెనుక ఇట్టి యొక యాడుదాని శ్రమ కలదని మన మెఱిగియుండుట మంచిది.

ఈ తీగ విదేశమునుండి వచ్చినదైనను దీని చుట్టములు మన పెరడులందే యున్నవి. సాయంకాలమున విచ్చు చంద్రకాంతయు, అమరకోశమున పునర్నవయని చెప్పబడిన అటికమామిడియు దీని కుటుంబములోనివే. అటికమామిడి ఎట్టి బీడునేలలో, ఎంత తక్కువ నీటితో బ్రతుకునో మీరు చూచియే యుందురు. ఆ గుణము దీనికిని కలదు.

మనము పూవని పిలుచు ఎఱ్ఱని, గులాబిరంగు రేకులు నిజమునకు పూరేకులు కావు. అవి రంగు దేఱిన ఆకులు. వాని నడుమ సన్నని గొట్టములవలె నుండు చిన్న తెల్లని పూవులే అసలు పూవులు. ఇంకొక వింత కలదు. ఈ తీగకు ముల్లును పూగుత్తియు ఒకే స్థానమునుండి, అనగా ఆకు చంకనుండి పుట్టును. తీగ పెరుగుదలమీద నున్నప్పుడు ఆ మొలక ముల్లగును. పెరుగుదల నిదానించి, పగళ్ళు కుఱుచనై, కాలము కలిసివచ్చినప్పుడు అదియే పూగుత్తి యగును. పల్నాటి సోదరి యింటి తీగమీది యంగుళపు ముండ్ల కర్థమిదియే.

ఎరువులో నేమున్నది?

మొక్కకు ముఖ్యముగా కావలసినవి మూడు: నత్రజని, భాస్వరము, పొటాషు. నత్రజని ఆకును, కొమ్మను పెంచును. భాస్వరము వేరునకును, మొక్కలోని శక్తివినిమయమునకును కావలయును. పొటాషు మొక్కలోని నీటిని సరిదిద్దును. ఎండకు, తెగుళ్ళకు తట్టుకొను బలమిచ్చును. మూడును అవసరమే. ఏది యెంత యనునదే ప్రశ్న.

ఇక లెక్క చూతము. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. బాగుగా చివికిన పశువుల ఎరువులో నూటికి సుమారు అరపాలు మాత్రమే. మన గుప్పెడు 50 గ్రాములనుకొందము. అందు 23 గ్రాముల నత్రజని యుండును. అంత నత్రజని కావలెనన్నచో నాలుగున్నర కిలోల పశువుల ఎరువు వేయవలయును. పక్షమున కొక గుప్పెడు చొప్పున ఏడాదికి 26 గుప్పిళ్ళు. అనగా ఒక్క తీగ మొదట ఏడాదికి ఇంచుమించు 120 కిలోల పశువుల ఎరువు పోసినట్లు! పేడనీరు దీనికి అదనము. అటికమామిడి చుట్టమునకు ఇంత విందు పెట్టినచో అది ఆకులు వేయక మఱేమి చేయును?

పూవులకు భాస్వరమే మందని చెప్పి ఎముకలపొడిని దోసిళ్ళతో వేయువారు కొందఱు కలరు. సున్నపుపాలు గల నల్లరేగడిలో ఎముకలపొడి సులభముగా కరగదు. భాస్వరము మితిమీఱినచో ఇనుము, జింకు అను ధాతువులను వేరు గ్రహింపలేకుండ చేయును. కావున ఇదియు మితముననే యుండవలయును.

ఎరువునకు ముందు చూడవలసినవి

మొదటిది ఎండ. దినమునకు ఆఱు గంటలైనను తిన్నని యెండ పడనిచో, ఏ యెరువు వేసినను ఈ తీగ పూయదు. వేపచెట్టు నీడలోనో, ఉత్తరపు గోడ ప్రక్కనో నున్న తీగకు ఎరువు మార్చుట వ్యర్థము, చోటు మార్చవలయును.

రెండవది నీరు. నేలలో వేరూనిన తీగకు దినదినము నీరు పోయుట ఉపకారము కాదు. బియ్యము కడిగిన నీటిలో దోషము లేదు. దానిని ప్రతిదినము పోయుటలోనే దోషమున్నది. నేల యెప్పుడును తడిగా నున్నచో తీగ పెరుగుటకే చూచును. నేల బాగుగా నాఱి, ఆకులు కొంచెము వాలినట్లు కనబడినప్పుడు నిండుగా నీరు పోసి, మరల నాఱనీయవలయును.

మూడవది మురుగు. నీరు నిలుచు పల్లమున వేరు కుళ్ళును. దీని వేళ్ళు సన్ననివి, పెళుసువి. మొదట్లో గునపము పెట్టి లోతుగా త్రవ్వి ఎరువు కలుపవలదు. వేళ్ళు తెగి తీగ దిగాలుపడును. పైమన్నును చేతితో గుల్లచేసి, ఎరువు చల్లి, నీరు పోసిన చాలును.

నాలుగవది కత్తెర. ఈ తీగ క్రొత్తచిగుళ్ళ కొనలయందు పూచును. పూవులు రాలిన వెంటనే కొమ్మ కొనలను కత్తిరించినచో ప్రక్క చిగుళ్ళు పుట్టి, ఒక పూగుత్తి చోట నాలుగు వచ్చును. కత్తిరించిన సుమారు ఆఱు మొదలు ఎనిమిది వారములకు పూత కనబడును.

నేలలోని తీగకు

నాటునప్పుడు గోతిమన్నులో మూడింట నొకపాలు చివికిన ఎరువు కలిపిన చాలును. తొలియేడు వేరు కుదురుకొనువఱకు నీటి కఱవు చూపరాదు. రెండవ యేటినుండి ఏడాదికి ఒక్కమాఱు, వానలు వెనుకబట్టి కొనలు కత్తిరించినప్పుడు, ఒక చిన్న గంపెడు, అనగా నాలుగైదు కిలోల చివికిన పశువుల ఎరువును, రెండు పిడికిళ్ళ వేపపిండిని వేయవలయును. మొదలునకు ఆనింపక జానెడు దూరమున చుట్టును చల్లవలయును. పచ్చిపేడ వేసినచో అది మాగునప్పటి వేడికి వేళ్ళు కమలును.

ఎఱ్ఱనేలలవారు ఏడాదికి రెండు పిడికిళ్ళ కట్టెబూడిద చల్లవచ్చును. అందు పొటాషు కలదు. నల్లరేగడి, చౌడునేలలవారు బూడిద జోలికి పోరాదు. బూడిద క్షారము, ఆ నేలల క్షారగుణమును మఱింత పెంచును. బూడిదను పేడతోగాని యూరియాతోగాని కలిపి వేసినచో నత్రజని ఆవిరియై పోవునని గుర్తుంచుకొనుడు.

కుండీలోని తీగకు

కుండీ సంగతి వేఱు. అందలి మన్ను కొద్దిపాటిది. పోసిన నీటితోపాటు సారము అడుగు రంధ్రమునుండి పోవుచుండును. కావున కుండీలోని తీగకు కొంచెము కొంచెముగా తఱచు పెట్టవలయును. ఎఱ్ఱమన్ను రెండుపాళ్ళు, ఇసుక ఒకపాలు, చివికిన ఎరువు ఒకపాలు కలిపి కుండీ నింపవలయును. వేళ్ళు కుండీలో కొంచెమిఱుకుగా నున్నప్పుడే ఈ తీగ బాగుగా పూచును. కావున ఏటేట పెద్దకుండీకి మార్చు తొందర వలదు.

కత్తిరించిన వెంటనే అడుగు వెడల్పు గల కుండీకి ఒక పిడికెడు వేపపిండి, రెండు పిడికిళ్ళ వానపాముల ఎరువు వేయుడు. చిగుళ్ళు సాగుకాలమున, అంగడిలో దొరకు 19-19-19 అను నీటిలో కరగు ఎరువును లీటరునకు 2 గ్రాముల చొప్పున కలిపి పక్షమున కొకమాఱు పోయవచ్చును. ముందుగా మంచినీటితో మన్ను తడిపి, పిదప ఎరువునీరు పోయవలయును. ఎండిన మన్నుపై ఎరువునీరు పోసినచో వేరు మాడును. కొనలయందు రంగు కనబడగానే ఎరువు నాపుడు.

ఆకుల అంచులు మాడి, మన్నుపై తెల్లని ఉప్పుపొర కట్టినచో ఎరువు మితిమీఱినదని యర్థము. అప్పుడు కుండీ పట్టు మన్నునకు మూడింతల మంచినీరు మెల్లగా పోసి, అడుగునుండి పాఱనీయవలయును. తరువాత నెలదినములు ఎరువు పెట్టరాదు.

అరటితొక్కలు నానవేసిన నీరు, గ్రుడ్డుపెంకులు, టీపొడి పిప్పి మంచివేనా యని పలువు రడుగుచున్నారు. ఇవన్నియు పెంటకుప్పలో వేసి మాగినపిమ్మట వేసినచో మేలు. అరటితొక్క నీటిలో కొంచెము పొటాషు దిగును గాని అది సరిపోదు. పైగా దోమలను, ఈగలను పిలుచును. గ్రుడ్డుపెంకు సున్నమే, కరగుటకు చాలకాలము పట్టును. పాలు, చక్కెర కలిసిన టీపిప్పిని కడుగక వేసినచో చీమలు చేరును.

ఆకు పసుపువన్నె తిరిగినచో

ఆకు పసుపువన్నె తిరుగగానే యూరియా వేయుట మనకు అలవాటు. తొందరపడక ఏ యాకు పసుపువన్నె తిరిగినదో చూడుడు. ముదురాకులు మొత్తముగా వెలవెలబోయి, చిగుళ్ళు సన్నగిల్లినచో నత్రజని కొఱత; కుండీలలో నిది కలుగును. లేతాకులు పసుపువన్నెయై, వాని యీనెలు మాత్రము ఆకుపచ్చగా నిలిచినచో ఇనుము కొఱత. నల్లరేగడులయందును, ఉప్పునీటి బావులున్న యూళ్ళయందును ఇది తఱచు కనబడును. నేలలో ఇనుము లేక కాదు. సున్నమువలన అది వేరునకు చిక్కదు.

దీనికి అన్నభేది మందు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కరగించి, సాయంకాలపు చల్లవేళ ఆకులపై చల్లవలయును. వారమునకు మరల నొకమాఱు చల్లుడు. లేతాకులకు పచ్చదనము వచ్చును. ఆ నీరు గచ్చుమీద పడినచో త్రుప్పుమరక పోదు, బట్టలయెడలను జాగ్రత్త. అన్నభేది, యూరియాలను తినుబండారముల డబ్బాలలో పోసి వంటింట నుంచరాదు. అన్నభేది పసిపిల్లలు మ్రింగినచో ప్రాణాపాయము. చీటీ అంటించి, అందనిచోట తాళములో పెట్టవలయును.

ఈ మాసము మొదలు

ఇది భాద్రపదము. పల్నాటి సోదరియు, అట్టి తీగలున్న తక్కిన సోదరీమణులును ఇట్లు చేయుడు.

ఇప్పుడు: యూరియా, పేడనీరు, బియ్యపునీరు అన్నియు మానుడు. వాన కురియుచుండగా వేరొక నీరు పోయనక్కఱలేదు. నేలలో మిగిలిన నత్రజని కొంత వాననీటితో దిగిపోవును.

ఆశ్వయుజమున: వానలు తెఱపి యిచ్చినప్పుడు, నిటారుగా పోయిన పొడవు కొమ్మలను మూడింట నొకవంతు కత్తిరింపుడు. మందపు చేతితొడుగులు వేసికొనుడు; ఈ ముల్లు గ్రుచ్చుకొన్నచో కొందఱికి వాపును, దురదయు కలుగును. మామూలుగా పెరుగు తీగకైనచో ఏటి ఎరువు వేయవలసిన సమయమిదియే. మితిమీఱి మేపిన తీగకు మాత్రము ఈ యేడు వలదు.

కార్తికమున: క్రొత్తచిగుళ్ళు జానెడు సాగిన పిదప నీరు బిగబట్టుడు. ఆకులు వాలినప్పుడు మాత్రమే పోయుడు. ఈ ఉపవాసకాలమున ఏ రసాయనపు ఎరువును తగులనీయరాదు.

మార్గశిర పుష్యములలో: పగళ్ళు కుఱుచయగును గనుక ఈ తీగకు అనువైన కాలమిదియే. చిగుళ్ళ కొనలయందు రంగు తిరుగవలయును. తొలియేడు పూత కొంచెమే యుండవచ్చును, దానికి అధైర్యపడవలదు.

మాఘ ఫాల్గుణములలో: పూవులు రాలిన కొనలను కత్తిరించి, వేసవి పూతకు దారి చేయుడు.

ఈ తీగకు మనము చేయు సేవలో చాలవఱకు చేయి బిగబట్టుటయే యున్నది. చేతినిండ పెట్టుటకు అలవాటుపడిన మనకు అది కొంచెము కష్టమే. మొక్క యెదుట నిలువబడి, ఆకు వాలినదా, మన్ను ఆఱినదా, కొనకు ముల్లు వచ్చినదా మొగ్గ వచ్చినదా యని దినము నొకమాఱు చూచుటయు సేవయే. అమ్మాయి నాటిన తీగను ఆ విధముగా ఈ శీతకాలము చూచి, పుష్యమాసమున నాకు మరల వ్రాయవలసినదిగా పల్నాటి సోదరిని కోరుచున్నాను.

మీ మీ యూళ్ళ నేల ఎఱ్ఱదో నల్లదో, నీరు మంచిదో ఉప్పుదో, తీగ నేలలో నున్నదో కుండీలో నున్నదో, నాటి యెన్నేండ్లయినదో తెలిపి ప్రశ్నలు వ్రాసినచో ప్రత్యుత్తరము సరిగా నీయవచ్చును. వచ్చు మాసమున చేమంతి నారు సంగతి ముచ్చటింతము.